తేదీ లేని చీటీలు

"పద్దెనిమిదికి పద్దెనిమిదీ వాడేశావక్కా, మిగిలింది సున్నా" అని కంప్యూటరమ్మాయి అంటే టేపక్క ముందు నవ్వింది. ఎవరివో తన పేరు మీద పడి ఉంటాయనుకుంది. సరిగా చూడమ్మా, ఈ ఏడాది నేను ఒక్కటంటే ఒక్క సెలవు పెట్టలేదు, కావాలంటే కిందికెళ్ళి లైన్లో ఎవర్నైనా అడుగు అంది. ఆ పిల్ల మళ్ళీ చూసింది. మూడోసారి చూడకుండా ఒక కాగితం అచ్చుతీసి చేతిలో పెట్టి, వెనక బీరువాలోంచి ఫైలొకటి లాగి తెరిచి, పద్దెనిమిది సెలవు చీటీలు ఒక్కొక్కటే తిప్పి చూపించింది. "సంతకం నీదేగా?" తనదే. చివరి అక్షరానికి తోక లాగి కింద రెండు చుక్కలు పెట్టే ఆ సంతకం ఇంకెవరికీ రాదు, పెట్టి చూడమన్నా రాదు. "సార్ భోజనానికెళ్ళారు, రెండింటికొస్తారు, ఆ బెంచీ మీద కూర్చో" అంది ఆ పిల్ల. పదిహేడేళ్ళుగా ఈ సబ్బుల ఫ్యాక్టరీలో లైను చివర నిలబడి, నిండిన పెట్టెలకి టేపు వేసి పంపే మనిషి, పేరు కూడా ఆ టేపే మింగేసిన మనిషి, ఒంటి మీద సబ్బు పొడితో, చేతిలో కాగితంతో, ఆఫీసు గది బయట ఇనప బెంచీ మీద నోరు తెరుచుకుని కూర్చుంది. ఎదురుగా గోడ మీద పోస్టరు, అమ్మా నాన్నా పిల్లా సముద్రం ఒడ్డున పరిగెడుతున్నారు, కింద పెద్దక్షరాలు, సెలవు మీ హక్కు, వాడుకోండి. వాడుకుందట. పద్దెనిమిది రోజులు వాడుకుందట. ఎక్కడికెళ్ళింది? ఎవరితో వెళ్ళింది? తనకి చెప్పకుండా తను ఎక్కడికెళ్ళొచ్చింది?

గడియారం ఒంటి గంటా అయిదు. నాలుగు నిమిషాలు వెనకుంది, ఇంట్లో ఆయనైతే లోపలికి రాగానే కనిపెట్టేవాడు. ఏ గోడ గడియారాన్నైనా ఊరికే చూడలేడు, గోడ మీద మనిషిని వేలాడదీసినట్టు బాధపడతాడు. గడియారాలు బాగుచేసేవాడికి ఒక కన్ను చాలు అని పెళ్ళిచూపుల్లోనే చెప్పాడు, చిన్నప్పుడు జ్వరమొచ్చి పోయిన కన్నుని దాచకుండా, భూతద్దం పెట్టుకునేది ఒక్కదానికేగా, రెండోది ఉన్నా ఖాళీగా కూర్చుని జీతం అడుగుతుంది అని. అందరూ నవ్వారు, తనూ నవ్వింది, ఆ నవ్వుతోనే సరే అంది. మొన్న ఆదివారం పొద్దున్న అదే గొంతుతో, ఏమోయ్, మూలన ఎవరో నల్ల తెర దింపుతున్నారు అన్నాడు. ఏ మూలన అంటే, గదిలో కాదు, కంట్లో అన్నాడు. ఇంకా హాస్యమే అనుకుంది. మధ్యాహ్నానికి తెర సగం దిగింది, కప్పు పట్టుకోబోయి కప్పు పక్కన గాలిని పట్టుకున్నాడు. కంటి డాక్టరు, చిన్నపిల్లలా ఉంది ఆవిడ, కాగితం మీద గుండ్రం గీసి లోపల ఇంకో గీత గీసి, లోపలి పొర గోడకి వేసిన రంగులా ఊడొస్తోంది అంది. బుధవారం పొద్దున్న ఆపరేషను, దాటితే నా చేతుల్లో లేదు. తర్వాత పది రోజులు బోర్లా పడుకోవాలి. బోర్లా అంటే బోర్లానే, అన్నం తినేటప్పుడూ తల వంచే ఉండాలి. లోపల గాలి బుడగ పెడతాం, అది పొరని వెనక్కి నొక్కి పట్టుకుంటుంది, తలెత్తితే బుడగ జారుతుంది, పొర ఊడుతుంది, ఇక అతికేది లేదు. రెండు గంటలకోసారి చుక్కలు. పక్కన మనిషి ఉండాల్సిందే. ఎవరున్నారు మీకు? ఎవరున్నారు, తనుంది. ఇంట్లో ఉన్నది ఇద్దరే, ఒకరికి ఒకరు. నాకు సెలవులున్నాయి డాక్టరుగారూ అని ఎంత ధీమాగా చెప్పింది! పద్దెనిమిది ఉన్నాయి, ఒక్కటీ ముట్టుకోలేదు అని, బీరువాలో బంగారం ఉన్నదానిలా చెప్పింది. ఇవాళ మంగళవారం.

సెలవు లేకుండా ఎనిమిది రోజులు మానేస్తే పేరు కొట్టేస్తారు. అది తెలుసు. బాయిలరు దగ్గర పనిచేసే అతన్ని కొట్టేశారు, గేటు దగ్గర అతని కార్డు పెడితే యంత్రం గుర్తుపట్టనట్టు కూతపెట్టింది, మళ్ళీ పెట్టాడు, మళ్ళీ కూత, తొమ్మిదిసార్లు పెట్టాడు పాపం. పది రోజులు. ఎనిమిది కాదు, పది.

చేతిలో కాగితం. జనవరి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది. ఎందుకు జ్ఞాపకం లేదు, బాగా జ్ఞాపకం. సబ్బు ముద్ద రాలేదు, మిషను నడవదు అన్నాడు సూపర్‌వైజరు, మెళ్ళో ఈల వేసుకుని తిరుగుతాడు కాబట్టి అందరూ ఈల అనే అంటారు. నడవదు గానీ ఇంటికి పోకండి, నేల గీకండి అన్నాడు. కార్డులు కొట్టొద్దు, యంత్రం పాడైంది అన్నాడు. ముప్ఫై ఒక్కమంది ఆడవాళ్ళు వంగుని మూడు రోజులు ఇనప రేకులతో నేల మీద గట్టిపడ్డ సబ్బుని గీకారు, పన్నెండేళ్ళ సబ్బు, కొండచిలువ కుబుసంలా పొరలు పొరలుగా లేచింది, దాని కింద నేల ఎర్రగా ఉంటుందని అప్పుడే తెలిసింది. పొడుగమ్మాయి నడుం పట్టేసి, ఊళ్ళోవాళ్ళ మురికి మనం వదిలిస్తాం, మన మురికి ఎవడొదిలిస్తాడే అంది. జీతం ఎప్పట్లాగే వచ్చింది, ఒక్క రోజు కూడా తగ్గలేదు, తగ్గితే కదా అడగడానికి. పని చేశారు, జీతం వచ్చింది, ఇందులో మోసమెక్కడుంది అని ఏ తెలివైనదాన్ని అడిగినా ఏం చెబుతుంది? ఆ జీతం చేసిన పనికి కాదని, తీసుకోని సెలవుకని, పని ఊరికే పోయిందని, సెలవు ఊరికే పోయిందని, రెండు జేబులూ ఒక్క కోతతో కోశారని ఎలా తెలుస్తుంది? చీటీ మీద కారణం అన్నచోట ఈల చేతిరాత. విశ్రాంతి. మూడు రోజులూ విశ్రాంతి. జూలై పదకొండు, ఆహా, జూలై పదకొండు! కప్పు కారి వాన నీళ్ళు సబ్బు పలుకుల గుట్ట మీద పడి, లోపలంతా నురగ, మోకాళ్ళ దాకా నురగ, ఎత్తిపోసేకొద్దీ పెరిగే నురగ, లైన్లో అందరికన్నా ముసలిది, అందరూ పెద్దమ్మ అనే ఆవిడ, జారి కూర్చుని లేవలేక నవ్వి, నవ్వలేక దగ్గి, ఒసే నన్ను చూసి నవ్వినవాళ్ళ నోట్లో ఇదే పడాలి అని తిట్టి, అందరూ చిన్నపిల్లల్లా ఒకరి మీద ఒకరు చల్లుకుంటూ సాయంత్రం ఆరింటి దాకా ఎత్తిపోశారు. పదిహేడేళ్ళలో కడుపారా నవ్విన రోజు అదొక్కటే. కారణం, కుటుంబంతో విహారం.

ఒక మాటకి ఇంత బలముంటుందా, లోపలికి దిగిపోయి అక్కడ గీకుతూ ఉండటానికి? విహారం.

వేలు కిందికి జారింది. జారకుండా ఉండాల్సింది. ఆగస్టు పంతొమ్మిది. కళ్ళు ఆ అంకెల మీంచి పక్కకి పోయి, పోస్టరు మీద సముద్రానికి పోయి, గడియారానికి పోయి, తిరిగొచ్చాయి. అక్క పోయిన రోజు. తెల్లవారుజామున బావ ఫోను, మాట లేదు, ఏడుపే. చీర మార్చుకుంటూనే ఈలకి ఫోను చేసింది, సార్, మా అక్క పోయింది, ఇవాళ్టికి నా చీటీ మీద తేదీ వేసెయ్యండి. వేసేస్తానమ్మా, వెళ్ళిరా, పాపం అన్నాడు. మంచివాడే అనుకుంది. బస్సెక్కబోతుంటే మళ్ళీ ఫోను. టేపు మిషను బిగుసుకుంది, లారీ నిలబడి ఉంది, ఆ టేపు ఎక్కించడం నీకు తప్ప ఎవరికీ రాదు, గంట, ఒక్క గంట, వచ్చి పో, ఎలాగూ వస్తావు కాబట్టి ఆ చీటీ చించేస్తాలే, సెలవు మిగుల్తుంది. గంట అన్నది నాలుగు గంటలైంది. వెళ్ళేసరికి అంతా అయిపోయింది, ఇంటి ముందు అద్దె కుర్చీలు ఒకదాన్లో ఒకటి పెడుతున్నారు. బావ నిందించలేదు, అదే బాగా తగిలింది. నీకు సెలవు దొరకలేదేమో అనుకున్నాంలే, పనిచేసేవాళ్ళ బతుకులు తెలీనివా అన్నాడు. దొరికింది బావా. దొరికిందట. ఇదిగో కాగితం. ఆ రోజు నాకు సెలవే. నేను వచ్చానట, అక్క పక్కన కూర్చున్నానట, మొహం చూశానట, అంతా అయిందట కాగితం మీద. ఇక్కడ కింద టేపు మిషను ముందు కూర్చుని పళ్ళతో టేపు కొరికింది మరెవరు?

కోపం ఇంకా రాలేదు. కోపం రావడానికి ముందు ఎవరి మీద అన్నది తేలాలి. ఈల మీదా? ఆఫీసరు మీదా? అక్కడికి పోయిన ఆలోచన కుక్క తోకలా తిరిగి తన దగ్గరికే వచ్చింది. తేదీ లేకుండా సంతకాలు పెట్టమని ఈ ముప్ఫైమందికి చెప్పింది ఎవరు? నువ్వే. కొరివితో తల గోక్కున్నది నువ్వే.

తొమ్మిదేళ్ళ కిందట సంగతి. అప్పుడు సెలవు కావాలంటే ఈ పైగదికి రావాలి, ఈ గది తెరిచేది పదకొండు నుంచి ఒంటిగంట దాకా, సరిగ్గా లైను ఊపు మీదుండే వేళ, లైను వదిలితే సగం రోజు కోత. సెలవు అడగడానికి సగం సెలవు ఖర్చు. పిల్లకి జ్వరమొచ్చిన తల్లి ఇక్కడ ఇదే బెంచీ మీద గంట కూర్చుంటే ఇంట్లో పిల్ల జ్వరం దిగిపోయేది. అప్పుడు తట్టింది టేపక్కకి. అందరం ఏడాది మొదట్లోనే పద్దెనిమిది చీటీల మీదా సంతకాలు పెట్టి సూపర్‌వైజరు దగ్గర పడేద్దాం, తేదీ ఖాళీ వదిలేద్దాం, అవసరమొచ్చిన రోజు ఫోను చేసి తేదీ వెయ్యండి సార్ అంటే చాలు, ఎవరూ మెట్లెక్కక్కర్లేదు. నీ బుర్రే బుర్రే టేపక్కా! పెద్దమ్మ నెత్తి మీద ముద్దు పెట్టింది. ఆఫీసరు, సెలవులు వరాల్లా ఇస్తాడు కాబట్టి అందరికీ వరాలయ్య, మీటింగులో అందరి ముందూ నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు, స్టీలు నీళ్ళ సీసా బహుమతి ఇచ్చాడు. మొదటి రెండేళ్ళూ నిజంగానే బాగా నడిచింది, అదే కదా మాయ, బాగా నడిచేదాన్ని ఎవరు అనుమానిస్తారు. తర్వాత చీటీల కట్టలు భద్రం కోసమని పైకి, వరాలయ్య సొరుగులోకి వచ్చాయి, తేదీ, కారణం రాసేది మాత్రం ఈలే. సరే, భద్రమే మంచిది అనుకున్నారు. ఏటేటా జనవరి మొదటి వారం లైను ఆపి, అట్టపెట్టె బల్లగా పెట్టుకుని, నవ్వుకుంటూ, వేళ్ళు నొప్పెడుతున్నాయే అనుకుంటూ, అయిదు వందల యాభై ఎనిమిది సంతకాలు. కొత్తగా చేరిన పిల్ల ఎవరైనా తేదీ వెయ్యకుండానా అని జంకితే, పెట్టవే పిచ్చిదానా, ఇది మన టేపక్క కనిపెట్టిన పద్ధతి అని వీపు మీద తట్టి పెట్టించేవారు. తన పేరు చెప్పి పెట్టించేవారు. ఎంత గర్వపడింది! ఇంటికెళ్ళి ఆయనతో, నేను చదువుకోలేదు గానీ చదువుకుని ఉంటే ఆఫీసరయ్యేదాన్ని అంది. ఆయన అద్దం తీయకుండానే, అయ్యుంటే నీ దగ్గర సెలవడగడానికి నాకు భయం వేసేది అన్నాడు.

పోస్టరు పక్కన గాజు చట్రం. కళ్ళు తుడుచుకుని చదివింది. ఉద్యోగుల చేత నూటికి నూరు శాతం సెలవులు వినియోగింపజేసిన సంస్థ. ఎవరో ఇచ్చారు, సంతకాలున్నాయి, ముద్ర ఉంది. నూటికి నూరు! ముప్ఫై ఒక్కమందీ, ఏడాదికి పద్దెనిమిది రోజులు, ఆ సముద్రం ఒడ్డున పరిగెడుతున్నారు, నడుం మీద సబ్బు సంచులతో.

రెండూ పది అయ్యాక వరాలయ్య వచ్చాడు, పళ్ళలో పుల్లతో, కడుపు నిండిన మనిషి మంచితనంతో. చెడ్డవాడైతే ఎంత బాగుండును. "అయ్యో టేపక్కా, ఇంతసేపు కూర్చున్నావా? చెప్పంపకపోయావా?" లోపలికి పిలిచి కుర్చీ వేశాడు. కంటి సంగతి విని నిజంగా బాధపడ్డాడు. మా మావగారికీ ఇంతే, ఆలస్యం చేశారు, పోయింది అన్నాడు. కాగితం బల్ల మీద పెట్టి, "సార్, ఈ రోజులన్నీ నేను పన్లో ఉన్నాను" అంది. అనుకున్నదానికన్నా మెల్లగా వచ్చింది గొంతు. ఆయన కాగితం వైపు చూడలేదు.

"ఏడాది చివరికి అందరివీ అయిపోవాలి కదమ్మా, లేకపోతే పైవాళ్ళు మమ్మల్ని తింటారు. జీతమేమైనా తగ్గిందా? లేదుగా. పద్ధతి నువ్వు చెప్పిందేగా! నీ పని ఆగదు, నేనున్నాగా." సొరుగు లాగాడు. రబ్బరు బ్యాండ్లు వేసిన చీటీల కట్టలు, కట్టకో పేరు. ఒకటి తీసి బొటనవేలితో ఆడించాడు. "మీ పెద్దమ్మవి ఇంకా పదకొండున్నాయి. పది నీకు సర్దేస్తా. ఆవిడ ఎలాగూ అడగదు."

"ఆవిడకి చెప్పాలి కదండీ?"

"ఎందుకూ? పోయినేడు నీవి నాలుగు ఇంకొకళ్ళకి సర్దాను, నీకు చెప్పానా? నీకేమైనా నొప్పెట్టిందా?"

ఏం చెప్పాలి. ఊ అంటే అయిపోతుంది. ఒక్క ఊ. రేపు పొద్దున్న ఏడింటికి ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి పంపుతుంది, పది రోజులు మంచం కింద చాప పరుచుకుని పడుకుని, పైనుంచి వేలాడే ఆ మొహాన్ని కిందనుంచి చూస్తూ చుక్కలు వేస్తుంది, కబుర్లు చెబుతుంది, బుడగ కదలదు, పొర అతుక్కుంటుంది, గోడ గడియారం నాలుగు నిమిషాలు వెనకుందోయ్ అంటాడు. దీనికన్నా ఏం కావాలి? పెద్దమ్మ అడగదు. ఎప్పుడూ అడగలేదు. మోకాలు బూరెలా వాచిన రోజుల్లో కూడా పెట్టె మీద కూర్చుని సబ్బులకి కాగితం చుట్టిందే గానీ అడగలేదు. ఎందుకడగదు? ముసల్దానికి పనంటే పిచ్చి అనుకునేవాళ్ళు అందరూ. చెయ్యి కట్ట వైపు పోయింది, వేళ్ళు రబ్బరు బ్యాండుకి తగిలాయి, కట్ట మీది చీటీలో పెద్దమ్మ సంతకం, సంతకమా అది, మూడు పుల్లలు పేర్చినట్టు, ఆ మూడు పుల్లలూ పేర్చడం నేర్పింది తనే. అట్టపెట్టె మీద, చెయ్యి పట్టుకుని.

"ఆవిణ్ణి అడిగొస్తాను సార్."

"అడగడమేంటి? కూర్చో." పుల్ల పళ్ళలోంచి తీశాడు. "కూర్చో అంటున్నానా! అడిగితే అందరికీ తెలుస్తుంది, నీ పనీ చెడుతుంది." ఆయన మొహంలో రంగు మారడం చూసింది టేపక్క. ఈ గంటలో మొదటిసారి అదిరిపోయింది తను కాదు, ఆయన. సొరుగు తెరవడానికి భయం లేదు, ఒకరి రోజులు ఇంకొకరికి పంచడానికి భయం లేదు, ఒక ముసలమ్మని ఇస్తావా అని అడగడానికి అంత భయమా? అప్పటికే మెట్లు దిగుతోంది.

లైను హోరు. సబ్బులు వరసగా వస్తున్నాయి, చేతులు వరసగా చుడుతున్నాయి. చెవిలో చెబుదామనుకుంది గానీ ఈ హోరులో చెవిలో చెప్పేది ఏముంది, అరవాల్సిందే. "పెద్దమ్మా! నీ సెలవులు పది నాకిస్తావా? ఆయన కంటికి!"

"నా సెలవులా?" పెద్దమ్మ చేతులు ఆపలేదు. "నాకెక్కడివే? మార్చిలోనే అయిపోయాయన్నాడు ఈల. మోకాలికి రెండు రోజులు అడిగితే, సున్నా అన్నాడు."

"పదకొండున్నాయి. పైన సొరుగులో. ఇప్పుడే చూశా. పది నీకు చెప్పకుండా తీసుకోమన్నాడు." ఊపిరి చాలలేదు. "మనం గీకిన రోజులు, నురగ ఎత్తిన రోజు, అన్నీ మన సెలవులేనట. చీటీలు మనవే. తేదీలు వాళ్ళవి. ఆ పద్ధతి నేనే... నేను చెప్పిందే..."

పెద్దమ్మ చేతులు ఆగాయి. ఒక సబ్బు ఆవిణ్ణి దాటిపోయింది, ఇంకోటి దాటిపోయింది. తిట్టినా బాగుండు అనుకుంది టేపక్క. పెద్దమ్మ చేతి తొడుగులు ఊడదీసి, ఒకదాన్లో ఒకటి దూర్చి, బెల్టు పక్కన పెట్టి, "పద" అంది.

"అయితే నావెన్నట?" పొడుగమ్మాయి టేపు వదిలేసింది. "నావి? టేపక్కా, నావి చూశావా?" అటునుంచి ఇంకొకామె, "అంటే ఇప్పుడు మళ్ళీ ఆ మెట్లెక్కాలా? చంపావు కదే!" అని సణుగుతూనే చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపింది. ఈల ఎక్కడో తన ఈల ఊదుతున్నాడు. పెద్దమ్మ రెయిలింగు పట్టుకుని, మోకాలి మీద చెయ్యేసుకుని, ఒక్కో మెట్టే ఎక్కుతోంది, వెనక టేపక్క, వెనక ఎంతమందో చూసే ధైర్యం లేదు. సగంలో వరాలయ్య ఎదురొచ్చాడు.

"ఏంటమ్మా ఇదంతా, లైను వదిలేసి?"

"దీనికి పది ఇస్తున్నా. రాసుకోండి" అంది పెద్దమ్మ.

"ఒకరివి ఒకరికి ఇవ్వడానికి రూలు లేదు పెద్దమ్మా. కంపెనీ పద్ధతి ఒప్పుకోదు."

"ఇందాక ఉందటగా?"

ఆయన టేపక్క వైపు చూశాడు, నువ్విలా చేస్తావనుకోలేదు అన్నట్టు. టేపక్క కళ్ళు దించలేదు. రేపు ఏడింటికి ఆసుపత్రి. చీటీ ఇచ్చినా వెళుతుంది, ఇవ్వకపోయినా వెళుతుంది, ఆ సంగతి బెంచీ మీద ఎప్పుడు తేలిపోయిందో తనకే తెలీదు. తిరిగొచ్చిన రోజు గేటు దగ్గర కార్డు కూతపెడుతుందో లేదో మాత్రం ఈ మెట్టు మీద తేలాలి.

కింద సబ్బులు బెల్టు చివరిదాకా వచ్చి, పట్టుకునేవాళ్ళు లేక, ఒకటొకటే నేల మీద పడుతున్నాయి. టప్. టప్. ఎవరూ వెనక్కి తిరగలేదు. పెద్దమ్మ కొంగుతో మెట్టు తుడిచి, వాచిన కాలు ముందుకి చాపి, ఆయన దారికి అడ్డంగా కూర్చుంది.

"నాకు మోకాలు నొప్పి నాయనా, పైదాకా రాలేను. ఆ ఇందాకటి రూలేదో వెతికి కిందికి తీసుకురా. ఇక్కడే కూర్చుంటాం."